కడియంలో పండ్ల మొక్కలు కొనొచ్చా? మిద్దె తోట వాళ్ల కోసం నా రివ్యూ

కడియం నర్సరీలకి నేనిచ్చే మార్కులు ఐదుకి నాలుగు. మొక్కల వరకే చూస్తే ఇంకో అర మార్కు కలిపేదాన్నే, అమ్మే తీరు చూశాక చెయ్యి ఆగిపోయింది. అక్కడ మనకి చూపించేది కొమ్మకి వేలాడే కాయ. మనం చూసుకోవాల్సింది అంటు కట్టిన చోటు, కవరు అడుగున వేరు. వంగి ఈ రెండూ చూసే ఓపిక ఉంటే, ఇన్ని రకాల పండ్ల మొక్కలు ఇంత తక్కువ రేటుకి ఒకే చోట దొరికే ఊరు మన రెండు రాష్ట్రాల్లో నేనైతే ఇంకోటి చూడలేదు. కాయ చూసి మురిసిపోయి కొనేసేవాళ్లకి మాత్రం నా రేటింగ్ రెండే.

మాది హైదరాబాద్, ఉప్పల్ వైపు. రెండంతస్తుల ఇల్లు, పైన మిద్దె తోట. అత్తగారిది రాజమండ్రి కాబట్టి పండక్కో పెళ్లికో వెళ్లినప్పుడల్లా తిరుగు ప్రయాణంలో డిక్కీ నిండా మొక్కలే. "మా అమ్మ నీకు సారె పెట్టి పంపిస్తోందా, అడివి పెట్టి పంపిస్తోందా" అని మా ఆయన సణుగుడు. పూల మొక్కలు, బోన్సాయ్, ఇంట్లో పెట్టుకునే ఆకు మొక్కలు, వీటి సంగతి నన్ను అడగొద్దు, నేను వాటి వంక చూడను. నేను రాసేది పండ్ల మొక్కల గురించి, అదీ నేలలో కాకుండా డ్రమ్ముల్లో, బ్యాగుల్లో పెంచేవాళ్ల కోసం.

ఎప్పుడూ వెళ్లనివాళ్లకి ఒక మాట. కడియం అంటే ఒక షాపు అనుకుంటారు చాలామంది. రాజమండ్రి నుంచి రావులపాలెం వెళ్లే హైవేలో వేమగిరి దాటగానే మొదలై కడియపులంక, ఆ లోపల బుర్రిలంక, పొట్టిలంక, ఇలా ఊళ్లకి ఊళ్లే నర్సరీలు. హైవే మీద కనిపించేవన్నీ పెద్ద పెద్ద పామ్ చెట్లు, రిసార్టులకీ వెంచర్లకీ లారీల్లో వెళ్లే సరుకు. పండ్ల మొక్క కావాలంటే కారు లోపలి రోడ్లలోకి తిప్పండి. హైవే మీద ఏ రేటు చెప్తారో, అదే సైజు మొక్క లోపల అంతకంటే బాగా తక్కువకి వస్తుంది, బేరం ఆడే పని కూడా లేదు. పైగా లోపలైతే అంటు కట్టే మనుషులు మన కళ్ల ముందే పని చేస్తూ ఉంటారు, అడిగితే విసుక్కోకుండా చెప్తారు.

అలా ఒకచోట మామిడి అంటు కడుతున్న ఆవిడ పక్కన చాలాసేపు కూర్చున్నాను. టెంక నుంచి వచ్చిన మొక్క, పెన్సిల్ లావు. దాన్ని పైన కోసేసి, మధ్యలోంచి నిలువుగా చీలిక పెట్టింది. మంచి చెట్టు నుంచి తెచ్చిన పుల్ల మొనని రెండు వైపులా చెక్కి ఆ చీలికలో దించింది. కింది బెరడు పై బెరడు ఒక వైపైనా కచ్చితంగా కలవాలట. సన్నటి ప్లాస్టిక్ రిబ్బన్‌తో బిగించి చుట్టి, పైన పాలఐస్ పోసే సన్న కవరు తొడిగేసింది. ఇదంతా నేను ఒక ఫొటో తీసేలోపు. "కింద మొక్క ఏదైనా పర్లేదమ్మా, పైది పట్టాలి" అంది. మూడు వారాల్లో కవరు లోపల చిగురు కనిపిస్తే పట్టినట్టు. ఆ పుల్లకి ఆకులు కూడా కోతకి వారం పది రోజుల ముందే తుంచేస్తారు, కాడలు రాలిపోయి మొగ్గలు ఉబ్బాకే కోస్తారు. ఇది చూసినదగ్గర్నుంచీ నేను మొక్కని పై నుంచి కిందకి చూడడం మానేసి కింది నుంచి పైకి చూడడం మొదలుపెట్టాను.

అంటు కట్టిన చోట చిన్న బుడిపె ఉంటుంది, అక్కడ వేలితో తడిమి చూడండి. రెండు కాండాలూ దాదాపు ఒకే లావులో, సందు లేకుండా అతుక్కుని ఉంటే బాగా పట్టినట్టే. పైది లావుగా కిందిది సన్నగా ఉన్నా, అతుకు దగ్గర పగులులో మట్టి చేరి ఉన్నా పక్కన పెట్టేయండి. ప్లాస్టిక్ రిబ్బన్ ఇంకా ఉందా చూడండి. ఉంటే ఇంటికెళ్లాక బ్లేడుతో జాగ్రత్తగా నిలువుగా కోసి తీసేయాలి, లేకపోతే కాండం లావయ్యేకొద్దీ ఆ రిబ్బన్ లోపలికి కోసుకుపోయి ఒకరోజు గాలికి సరిగ్గా అక్కడే విరుగుతుంది. అతుకు కిందనుంచి చిగుళ్లు వస్తుంటే అవి కింది మొక్కవి, మనం డబ్బులిచ్చిన రకానివి కాదు. వాటిని వదిలేస్తే బలం మొత్తం అవే లాగేసి పైది ఎండిపోతుంది. మన వైపు చాలామంది "బంగినపల్లి పెడితే పీచు మామిడి కాసింది, మోసం" అంటారు కదా, అందులో కొన్ని నిజంగా మోసాలే గానీ, చాలావరకు ఇదే జరిగి ఉంటుందని నా అనుమానం.

తర్వాత కవరు ఎత్తి అడుగు చూడాలి. చాలాకాలం ఒకేచోట ఉన్న మొక్క వేరు కవరు చిల్లుల్లోంచి కింద నేలలోకి దిగిపోతుంది. కుర్రాడు వచ్చి చటుక్కున లాగి ఇచ్చేస్తాడు, ఆ లాగడంలో అసలు వేరు తెగిపోతుంది. అక్కడ గోదావరి గాలికి పచ్చగానే ఉంటుంది, మనింటికొచ్చిన మూడో రోజు ఆకులు వాలిపోతాయి. అందుకే నేను నచ్చిన మొక్కని నేనే మెల్లగా పక్కకి వంచి చూస్తాను. కదలకుండా నేలని పట్టుకుని ఉంటే అది వద్దు, ఇంకోటి అంటాను. మొదట్లో వింతగా చూసేవారు. ఇప్పుడు నేను రెగ్యులర్‌గా వెళ్లే చోట ఓనరు గారే "మీరు ఏరుకోండమ్మా, మావోడు పట్టుకొస్తాడు" అని వదిలేస్తారు.

ఇక ఆ పోయిన అర మార్కు సంగతి. హైవే మీద ఒక పెద్ద నర్సరీలో, పేరు చెప్పను, కుండీలో నిండా కాయలతో సపోటా చెట్టు పెట్టారు. నా నడుం ఎత్తు ఉంది, చూడముచ్చటగా ఉంది. రేటు కూడా చిన్న అంటు మొక్కకి పదింతలు. మా ఆడపడుచు పట్టుబట్టి కొనిపించింది, తన ఇంటికే. కాయలు దారిలోనే సగం రాలాయి, మిగతావి వారంలో. తర్వాత ఆకులు. కుండీలోంచి తీసి చూస్తే లోపల నేలలోంచి తవ్వి తీసిన చెట్టు, గడ్డపారతో నరికిన మోడు వేళ్లు, వాటి చుట్టూ కొత్త మట్టి కూరారు. పీచు వేళ్లు ఒక్కటి లేవు. అమ్మకానికి కొద్దిరోజుల ముందే కుండీలో పెట్టినట్టు తెలిసిపోతోంది. ఫోన్ చేస్తే ఆయన చాలా మర్యాదగా "ఆయ్, మీ ఊరి నీళ్లు దానికి పడలేదండి" అన్నారు. మా ఆడపడుచు ఉండేది రాజమండ్రిలోనే, దానవాయిపేటలో! ఆ నీళ్లూ ఈ నీళ్లూ ఒకే గోదావరివి. డబ్బులు తిరిగి రాలేదు, ఇంకో మొక్క ఇస్తామన్నారు, తను వెళ్లలేదు.

కాయలతో ఉన్న మొక్కలన్నీ ఇలాంటివే అనడం లేదు. జామ, నిమ్మ, అంజూరలాంటివి చిన్న కవర్లో ఉండగానే నిజంగానే కాస్తాయి. కుండీలోనే పెరిగిన చెట్టా, నిన్న కుండీలోకి వచ్చిన చెట్టా అని తెలుసుకోవాలంటే కాండం మొదట్లో పట్టుకుని కొద్దిగా ఊపండి. మట్టి అంతా కలిసి కదిలితే వేరు అల్లుకుని ఉన్నట్టు, కాండం ఒక్కటే గుంజలా ఊగితే వదిలేసి వచ్చేయండి.

రకాల పేర్ల విషయంలో కూడా కాస్త అనుమానంగానే ఉండాలి. ఆల్ సీజన్ మామిడి, పన్నెండు నెలల మామిడి, థాయ్ మామిడి అని ఒక్కో షాపులో ఒక్కో పేరు, ఆకు చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. మన పాత రకాల్లో బంగినపల్లి, చిన్నరసం, సువర్ణరేఖ, కొత్తపల్లి కొబ్బరి లాంటివి అంటు కట్టేవాళ్ల దగ్గరే అడిగి తీసుకుంటే దాదాపు సరైనవే వచ్చాయి. రకం నూటికి నూరుపాళ్లు ఖాయంగా కావాలంటే ప్రభుత్వ పరిశోధన కేంద్రాలే దిక్కు. మనకి సంగారెడ్డిలో పండ్ల పరిశోధన స్థానం ఉంది, నూజివీడులో మామిడిది ఉంది, అటు వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయమే ఉంది. అక్కడ సీజన్‌లో మొక్కలు అమ్ముతారు, రేటూ తక్కువే, కాకపోతే మనం వెళ్లినప్పుడు మనకి కావాల్సింది ఉండాలి కదా. నెక్లెస్ రోడ్డులో పెట్టే నర్సరీ మేళాకి కడియం వాళ్లే స్టాల్స్ వేసుకుని వస్తారు, మొక్క అదే, రేటు అది కాదు.

ఇప్పుడు ఒక్కో మొక్కా నా మిద్దె మీద ఎలా ఉందో చెప్తాను.

మామిడి డ్రమ్ములో పెంచాలంటే ఆమ్రపాలి తీసుకోండి, ఇంకేం ఆలోచించొద్దు. దశేరి, నీలం అనే రెండు మామిడి రకాలు కలిపి ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థలో తయారు చేసిన రకం, చెట్టు పొట్టిగా ఉంటుంది, ఏటా కాస్తుంది. కాయ చిన్నదే, లోపల గుజ్జు నారింజ రంగులో మంచి తియ్యగా ఉంటుంది. మొదటి రెండేళ్లు పూత వస్తే గుండె రాయి చేసుకుని తుంచేయండి. బంగినపల్లి మీద మోజు నాకూ ఉంది, కానీ అది నేలలో పెరగాల్సిన చెట్టు, డ్రమ్ములో పెట్టి నాలుగు కాయల కోసం ఏటా నరుక్కుంటూ కూర్చోవడం నాకైతే అనవసరం అనిపిస్తుంది. బజార్లో కొనుక్కోవడమే హాయి.

జామ. మిద్దె తోట మొదలుపెట్టే ఎవరికైనా నేను మొదట చెప్పేది ఇదే. కడియంలో ఇప్పుడు ఎక్కడ చూసినా తైవాన్ పింక్. ఏడాది తిరక్కుండానే కాస్తుంది, అందుకే అందరికీ అదే అంటగడతారు. రుచి ఫర్వాలేదు, అంతకుమించి చెప్పడానికేమీ లేదు. నాకు ఎల్-49 ఇష్టం, దాన్నే సర్దార్ జామ అంటారు, తెల్ల గుజ్జు, తీపి, మంచి వాసన. అడిగితే లోపల్నుంచి తెచ్చి ఇస్తారు, బయట పెట్టరు. జామలో అసలు కిటుకు కత్తిరింపు. పూత కొత్త చిగురు మీదే వస్తుంది, కాబట్టి కోత అయిపోగానే ప్రతి కొమ్మ చివరా జానెడు లోపు కత్తిరించేస్తే పక్కల నుంచి చిగుళ్లు, వాటితోపాటే మొగ్గలు. కత్తిరించకుండా ముద్దు చేస్తే కర్రలా పైకి పోయి, కాయలన్నీ పిట్టలకే. ఇంకో సంగతి, వానాకాలం వచ్చే జామకాయ నీళ్లోడుతూ చప్పగా ఉంటుంది, పండు ఈగ కూడా అప్పుడే. శీతాకాలం కాయే కాయ. రైతులు ఎండాకాలం నీళ్లు ఆపి ఆ పూత రాలగొడతారు. డ్రమ్ములో మేలో నీళ్లు ఆపితే మొక్కే పోతుంది కాబట్టి నేను ఏప్రిల్, మే నెలల్లో వచ్చిన పూతని చేత్తోనే గిల్లేస్తాను. చూసినవాళ్లకి కడుపు తరుక్కుపోతుంది, నవంబర్‌లో కాయ తిన్నాక ఎవరూ మాట్లాడరు.

పండు ఈగకి మందు కొట్టీ కొట్టీ విసిగిపోయేకంటే మిథైల్ యూజినాల్ అనే ఎర పెట్టిన ఉచ్చు డబ్బా ఒకటి వేలాడదీయండి. మగ ఈగలు వచ్చి పడతాయి, జామకీ మామిడికీ బాగా పని చేస్తుంది. ఎరువుల షాపుల్లో దొరుకుతుంది. కాయ నిమ్మకాయంత అయ్యాక బట్ట సంచీ కట్టేస్తే ఇంకా నిశ్చింత. పిండినల్లికి వేపనూనె లీటరుకి అయిదు మిల్లీలీటర్లు, రెండు చుక్కల సబ్బు ద్రవం, అదీ సాయంత్రం పూటే. మధ్యాహ్నం ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

నిమ్మ దగ్గర కడియం వాళ్లతో నాకు చిన్న పేచీ. నిమ్మ అంటే చాలు, గింజలు లేని పెద్ద కాయ రకం చేతిలో పెడతారు. గుత్తులు గుత్తులుగా కాస్తుంది, ఫొటోలకి బాగుంటుంది, పులిహోరకి కూడా సరిపోతుంది. కానీ తొక్క మందం, ఊరగాయకి మాత్రం మన పల్చటి తొక్క నిమ్మకి సాటి రాదు. మన దగ్గరే బాలాజీ, పెట్లూరు సెలక్షన్ అని మంచి రకాలున్నాయి, వాటిని పేరు పెట్టి అడగండి, లేవంటే ఇంకో నర్సరీకి వెళ్లండి. గజ్జి తెగులు ఉందేమో ఆకు తిప్పి చూడండి, గోధుమ రంగు గరుకు మచ్చలు, చుట్టూ పసుపు వలయం. అది ఉన్న మొక్క ఉచితంగా ఇచ్చినా ఇంటికి తేవొద్దు, మిగతా నిమ్మ జాతి మొక్కలన్నిటికీ అంటిస్తుంది. చిగురాకుల మీద వెండి గీతల్లాంటి మెలికలు కనిపిస్తే అది ఆకుతొలిచే పురుగు, దానికి భయపడక్కర్లేదు. పిట్ట రెట్టలాంటి పురుగు ఆకు మీద కూర్చుని ఉంటే అది సీతాకోకచిలుకది, నాలుగైదు కలిస్తే చిన్న మొక్కని రెండు రోజుల్లో గుండు చేసేస్తాయి, చేత్తో తీసేయడమే. హైదరాబాద్‌లో బోరు నీళ్లు వాడేవాళ్లకి నిమ్మ ఆకులు ఈనెలు పచ్చగా మధ్యలో పసుపుగా మారతాయి. సూక్ష్మపోషకాల మిశ్రమం ఆకుల మీద కొడితే కొత్త చిగురు సరిగ్గా వస్తుంది, పాత ఆకు మారదు, దాన్ని చూసి మళ్లీ మళ్లీ కొట్టొద్దు.

సపోటా కొంచెం ఖరీదు ఎక్కువ, ఎందుకో తెలిశాక నేను బేరం ఆడడం మానేశాను. దీన్ని పాల మొక్క మీద, అంటే సపోటా కుటుంబానికే చెందిన అడవి చెట్టు మీద అంటు కడతారు, ఆ పాల మొక్క అంటు కట్టే లావు రావడానికే రెండేళ్లు పడుతుంది. క్రికెట్ బాల్ రకం కాయ పెద్దది, పేరుకి గొప్ప. రుచికి పాల అనే సపోటా రకం, కాళీపట్టి మేలు. సపోటాకి పెద్దగా రోగాలు రావు, ఓపిక ఒక్కటే కావాలి.

దానిమ్మ భగ్వా ఉంది, పూత బాగా వస్తుంది, కాయ నీళ్లు హెచ్చుతగ్గులైతే పగులుతుంది. ఊరెళ్లి వచ్చి ఒక్కసారిగా బకెట్ల కొద్దీ పోస్తే పగలడం ఖాయం. సీతాఫలం బాలానగర్ రకం చలికాలంలో ఆకు మొత్తం రాల్చేసి పుల్లలా నిలబడుతుంది. చచ్చిపోయిందని పీకేసినవాళ్లు నాకు తెలుసు. నర్సరీలో ఆ టైములో ఎవరూ కొనరు కాబట్టి రేటు తగ్గిస్తారు, గోరుతో బెరడు గీకి చూసి లోపల పచ్చగా ఉంటే తెచ్చుకోండి. బొప్పాయి మొక్క కడియం నుంచి మోసుకురావడం దండగ, రెడ్ లేడీ విత్తనాలు పెట్టుకుంటే చాలు. అంజూర తేలిగ్గా కాస్తుంది, బుల్‌బుల్ పిట్టలు మనకంటే ముందు లేస్తాయి. ఇక ఆపిల్, అవకాడో, రంబుటాన్, మ్యాంగోస్టీన్ కూడా అన్నీ ఉన్నాయి అక్కడ, అడిగితే "హైదరాబాద్‌లో బ్రహ్మాండంగా వస్తాయండి" అంటారు. 42 డిగ్రీల ఎండలో, పొడి గాలిలో, సిమెంటు మిద్దె మీద రంబుటాన్ ఏం బ్రహ్మాండంగా వస్తుంది? నేను ఆ వరసలోకే వెళ్లను.

మొక్క తెచ్చాక చేసే పని మొక్క కొనడం కంటే ముఖ్యం. కడియం గాలిలో తేమ ఎక్కువ, అక్కడ షేడ్ నెట్ కింద పెరిగిన ఆకుకి మన మిద్దె ఎండ ఒక్కసారి తగిలితే మాడిపోతుంది. వారం పది రోజులు మెట్ల పక్క నీడలో, తర్వాత పొద్దుటి ఎండలో, ఆ తర్వాతే పూర్తి ఎండకి. తెచ్చిన రోజే డ్రమ్ములోకి మార్చేయాలన్న ఆత్రం వద్దు. మార్చేటప్పుడు ఆ కవర్లో మట్టి సంగతి చూడాలి. అది ఎక్కువగా జిగట మట్టి, లారీలో దొర్లినా చెదరకుండా ముద్దగా ఉండాలని అలా పెడతారు. మన డ్రమ్ములో గుల్ల మట్టి మధ్య ఆ ముద్ద అలాగే పెడితే పోసిన నీళ్లన్నీ చుట్టూ జారిపోతాయి, ముద్ద లోపల మాత్రం ఎండిపోయి రాయిలా ఉంటుంది. పైన తడి, లోపల వేరు దాహంతో చస్తుంది. నేను ముద్దని బకెట్ నీళ్లలో కాసేపు ఉంచి, పక్కల మట్టి మెత్తబడ్డాక వేళ్లతో మెల్లగా మూడో వంతు కరిగించేస్తాను. ఒక సపోటా ఇలా చేస్తుంటే లోపల ఇంకో చిన్న నల్ల కవరు బయటపడింది! చిన్న కవర్లో పెరిగిన మొక్కని ఆ కవరు తీయకుండానే పెద్ద కవర్లో దించేశారు. వేళ్లు ఆ లోపలి కవర్లోనే గిరగిరా తిరిగి జడ అల్లినట్టు ఉన్నాయి. కత్తెరతో ఆ చుట్టలని మూడు వైపులా నిలువుగా కోసి పెట్టాను, బాగానే కోలుకుంది. ఆ నర్సరీ ఆయనకి తర్వాత వెళ్లినప్పుడు చెప్తే నాలిక కరుచుకుని "పనోళ్ల తొందరండి" అని ఒక కరివేపాకు మొక్క ఊరికే ఇచ్చారు. అలాంటివాళ్లూ ఉన్నారు అక్కడ.

మట్టి నాది మామూలు లెక్కే, రెండు వంతులు ఎర్రమట్టి, ఒక వంతు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక వంతు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), డ్రమ్ముకి రెండు మూడు గుప్పిళ్లు వేపపిండి. నర్సరీల్లో అమ్మే వర్మీకంపోస్టు సంచీ మాత్రం విప్పి చూడకుండా కొనొద్దు, నాకు ఒకసారి సగం తడి మట్టే వచ్చింది. గ్రో బ్యాగులు కూడా అక్కడే అమ్ముతారు. నేను అవీ వాడాను, నీలం డ్రమ్ములూ వాడుతున్నాను. పండ్ల మొక్కలకి రెండొందల లీటర్ల డ్రమ్ముని అడ్డంగా సగానికి కోయించుకోవడమే మేలు. బ్యాగులు మన ఎండకి కుట్ల దగ్గర చిట్లుతాయి, అప్పటికి మొక్క మన ఎత్తు ఉంటుంది, ఎలా మారుస్తాం? ఆకుకూరలకైతే బ్యాగులు చాలు. డ్రమ్ముకి చిల్లులు అడుగున కాకుండా పక్కల, అడుగు నుంచి అంగుళం పైన పెట్టించండి, కింద ఇటుకలు వేసి నిలబెట్టండి, స్లాబు చెమ్మగిల్లదు.

బరువు సంగతి చాలామంది పట్టించుకోరు. వంద లీటర్ల సగం డ్రమ్ము తడి మట్టితో నూట ఇరవై కిలోల పైనే. మనుషులు తిరిగే మిద్దెకి చదరపు మీటరుకి నూట యాభై కిలోల లెక్కన డిజైన్ చేస్తారు. కాబట్టి డ్రమ్ములన్నీ స్లాబు మధ్యలో ముచ్చటగా గుండ్రంగా పేర్చకుండా, కింద దూలాలు, గోడలు ఉన్న లైను మీద దూరదూరంగా పెట్టుకోండి. పాత ఇల్లయితే ముందు ఇంజనీరుకి చూపించండి.

మళ్లీ కడియం దగ్గరికి వస్తే, ఎప్పుడు వెళ్లాలి అని చాలామంది అడుగుతున్నారు. ఏప్రిల్, మే అస్సలు వద్దు, తెచ్చిన మొక్క బతికించడమే పెద్ద టెన్షన్. సంక్రాంతికి హైవే అంతా జనం, సెల్ఫీలు, నర్సరీ వాళ్లకి మనతో మాట్లాడే తీరికే ఉండదు, రేట్లు కూడా చుట్టాల సీజన్ రేట్లే. రెండు మూడు మంచి వానలు పడ్డాక, జులై ఆగస్టుల్లో, ఏదో ఒక మామూలు పనిరోజున పొద్దున్నే వెళ్లండి. మొక్కలు కొత్త చిగురుతో ఉంటాయి, ఏరుకోవడానికి కావాల్సినంత సరుకు ఉంటుంది. చిన్న అంటు మొక్కలు నేను కొన్నప్పుడు నూట యాభై నుంచి మూడొందల లోపే పడ్డాయి, సపోటా ఒక్కటే కాస్త ఎక్కువ. మోకాలి ఎత్తు మొక్క చాలు, నిలువెత్తు చెట్టు కొంటే దాని డబ్బు, దాని రవాణా, దాని బెంగ, అన్నీ ఎక్కువే.

ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చా అంటే, నేనైతే వద్దంటాను. కొరియర్ కోసం మట్టి దులిపేసి, వేరుకి కాస్త కోకోపీట్ చుట్టి అట్టపెట్టెలో పంపిస్తారు, జామ లాంటి మొండి మొక్క తట్టుకుంటుంది, సపోటా, మామిడి తట్టుకోవు. పైగా అంటు చూసే వీలే లేదు. కారు లేకపోతే మొక్కలు మీరే ఏరి, కవరు మీద పెయింటుతో గుర్తు పెట్టించి, ఎండుగడ్డి, గోనె చుట్టించి లారీ ట్రాన్స్‌పోర్ట్‌లో వేయించుకోండి, నర్సరీ వాళ్లే ఆ ఏర్పాటు చేస్తారు. డిక్కీలో తెచ్చుకునేవాళ్లు కిటికీ గాలి ఆకులకి తగలకుండా పాత దుప్పటి కప్పండి. లారీలో రాత్రి వేస్తే మర్నాడు హైదరాబాద్‌లో దింపుతారు, ఫోన్ రాగానే వెళ్లి తెచ్చుకోండి, గోడౌన్‌లో ఒక్క పూట ఎక్కువ ఉన్నా ఆకు పసుపెక్కుతుంది. హమాలీ డబ్బులు వేరే అడుగుతారు, ముందే మాట్లాడుకోండి.